ఆ కాగితం మీద నేను సంతకం పెట్టాలా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మేం ఈసీఐఎల్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మొత్తం నలభై ఫ్లాట్లు. మా పాపకు తొమ్మిదేళ్ళు. మా పై అంతస్తులో సొంత ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఉంటారు. పాప పుట్టినప్పటి నుంచి మాకు ఆవిడే తోడు. ఆవిడ కొడుకు పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసులో పదేళ్ళ శిక్ష పూర్తిచేసుకుని మొన్న సంక్రాంతికి ముందు చర్లపల్లి జైలు నుంచి ఇంటికొచ్చాడు. అప్పటి ఆ పాప వాళ్ళకు బంధువే. అతను పగలు బయటికి రాడు. పొద్దున్నే ఐదున్నరకు, ఎవరూ లేవకముందే, కిందికి దిగి పాల ప్యాకెట్లు తీసుకుని వెళ్ళిపోతాడు.

మా అసోసియేషన్ వాళ్ళు ఒక కాగితం తయారుచేశారు. అతని ఫొటో, కేసు వివరాలు గేటు దగ్గర బోర్డు మీద, వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. అతను రోజూ తన లైవ్ లొకేషన్ గ్రూపులో షేర్ చెయ్యాలి. పోలీసులు అతని కాలికి జీపీఎస్ పట్టీ వెయ్యాలి. వీటికి ఒప్పుకోకపోతే ఫ్లాట్ ఖాళీ చెయ్యాలి. ఇప్పటికి ముప్ఫై ఒక్క సంతకాలయ్యాయి. మా ఫ్లాట్ నా పేరున ఉంది కాబట్టి నేను పెట్టాలి. “ఆడపిల్ల తల్లివి, ఇంకా ఆలోచన ఏంటి? అమెరికాలో అయితే ఇలాంటివాళ్ళ అడ్రస్ ఇంటర్నెట్‌లోనే ఉంటుంది. తెలుసుకునే హక్కు మనకు లేదా?” అంటారు మావారు. నాకూ భయమే. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. అయినా పెన్ను పట్టుకుంటే చెయ్యి కదలలేదు. నేను తప్పు చేస్తున్నానా?

ఇంకో చిన్న విషయం. ఆవిడ ఈమధ్య చింతకాయ పచ్చడి సీసాలో పెట్టి పంపారు. పచ్చడి అయిపోయింది, సీసా కడిగి పెట్టి పది రోజులైంది. పైకి వెళ్ళి ఇవ్వడానికి కాళ్ళు రావడం లేదు.

- ఒక తల్లి, హైదరాబాద్

సమాధానం: అమ్మా, ముందు ఒక సంగతి. మీ ఉత్తరంలోంచి రెండు వాక్యాలు తీసేశాను. ఆ అమ్మాయి వాళ్ళకు ఏమవుతుందో, ఇప్పుడు ఏ ఊళ్ళో ఏం చదువుతోందో రాశారు మీరు. జాలితోనే రాశారు, తెలుసు. కానీ చుట్టాల్లో ఎవరైనా చదివి “ఓహో, ఫలానావాళ్ళమ్మాయా” అనుకోడానికి ఆ రెండు వాక్యాలు చాలు.

ఇది మొదటే ఎందుకు చెప్తున్నానంటే, మీ అపార్ట్‌మెంట్‌లో గొడవంతా అతని ప్రైవసీ గురించి నడుస్తోంది. ఆ కాగితం గోడకెక్కితే మొదట బజారున పడేది ఆ పిల్ల ప్రైవసీ. గేటు దగ్గర ఫొటో చూసినవాళ్ళు మొదట “ఏం చేశాడు” అంటారు, వెంటనే “ఎవరి పిల్లను” అంటారు. మూడో రోజుకల్లా జవాబు ఎవరో ఒకరు గ్రూపులో పెడతారు. పోక్సో చట్టం 23వ సెక్షన్ ఏ మాధ్యమంలోనైనా సరే బాధిత బిడ్డ పేరు, ఫొటో, చిరునామా, బడి, కుటుంబ వివరాలు, ఇరుగుపొరుగు, ఇంకా ఆనవాలు దొరికే ఏ వివరమూ బయటపెట్టకూడదంటుంది. తప్పితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. పేరు రాయకపోయినా, దూరపు ఆధారంతోనైనా ఆమె ఎవరో పోల్చుకునేలా ఏదీ రాయకూడదని. నేరస్తుడు బంధువైనప్పుడు అతని పేరే ఆమె ఆనవాలు. ఆ అమ్మాయి పదేళ్ళపాటు ఊరు మారి, కాలేజీ మారి కూడబెట్టుకున్న మరుపును మీ సెక్రటరీ గారు ఒక డ్రాయింగ్ పిన్నుతో బోర్డుకు గుచ్చేస్తారు.

కాబట్టి మీ చెయ్యి కదలకపోవడం సరైనదే. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. అయితే ఇక్కడితో ఆపేస్తే నేను సగం జవాబే చెప్పినట్టు, ఎందుకంటే మీ భయం కూడా సరైనదే. మీవారి మీద కూడా కోపం తెచ్చుకోకండి. తొమ్మిదేళ్ళ పాప తండ్రి కంగారుపడకపోతే నాకు అనుమానం వచ్చేది.

ఇక కాలి పట్టీ. పట్టీ అనగానే నాకు మా మనవరాలి వెండి పట్టీలు గుర్తొస్తాయి. అది ఏ గదిలో తిరుగుతోందో వంటింట్లోంచే తెలిసేది. ఈ పట్టీ పనీ అదే, కాకపోతే చప్పుడు ఎక్కడో కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్ళకు వినపడుతుంది. 1983లో అమెరికాలో, న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆల్బకర్కీ అనే ఊళ్ళో జాక్ లవ్ అనే జడ్జి మొదట వాడించారు. కామిక్ బొమ్మల కథలో విలన్ హీరో చేతికి జాడ తెలిపే పట్టీ తొడగడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందట. అప్పట్లో అది మనిషి ఇంట్లో ఉన్నాడా లేడా అన్నంతవరకే చెప్పేది. ఇప్పటిది జీపీఎస్‌తో స్థానం పట్టుకుని మొబైల్ నెట్‌వర్క్ ద్వారా పంపిస్తుంది. ఫలానా బడి, ఫలానా ఇల్లు అని గీత గీస్తే, ఆ గీత దాటగానే మోగుతుంది. పట్టీ కోసినా మోగుతుంది. దాన్ని రోజూ ఛార్జింగ్ పెట్టుకోవాలి.

మన దేశంలో దీనికి చట్టం ఎంతవరకు ఉందంటే, చాలా కొంచెం. 2023లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా జైళ్ళ చట్టంలో ఒక మాట ఉంది. ఖైదీ ట్రాకింగ్ పరికరం పెట్టుకోడానికి ఒప్పుకుంటే ఆ షరతు మీద జైలు నుంచి సెలవు ఇవ్వొచ్చు, షరతు తప్పితే సెలవు రద్దు. అదే ఏడాది నవంబరులో జమ్మూకశ్మీర్ పోలీసులు ఉగ్రవాద కేసులో బెయిల్ మీద వచ్చిన మనిషి కాలికి జీపీఎస్ పట్టీ వేశారు. ఈ రెండింటిలోనూ మనిషి ఇంకా కోర్టు చేతిలోనో జైలు చేతిలోనో ఉన్నవాడే. మీ పైఅంతస్తు మనిషి సంగతి వేరు. శిక్ష మొత్తం అనుభవించాడు. బెయిలూ లేదు, పెరోలూ లేదు. ఇప్పుడు అతని కాలికి పట్టీ వెయ్యమని మీ సీఐ గారిని అడిగితే, ఏ సెక్షన్ కింద వెయ్యాలో ఆయనకూ తెలియదు. అలాంటి సెక్షన్ లేదు కాబట్టి.

“హక్కు లేదా” అన్న మీవారి ప్రశ్నకు ఇక్కడ కొంచెం ఆగాలి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచ్ ప్రైవసీ ప్రాథమిక హక్కు అంది. దాన్ని అస్సలు ముట్టుకోకూడదని మాత్రం అనలేదు. ముట్టుకోవాలంటే దానికో చట్టం ఉండాలి, ఆ చట్టానికి సరైన కారణం ఉండాలి, కారణానికి ఎంత అవసరమో అంతే ముట్టుకోవాలి. పిల్లల రక్షణ సరైన కారణమే, దానికంటే పెద్ద కారణం నాకైతే తట్టదు. మీ కాగితం మొదటి మెట్టు దగ్గరే జారిపోయింది. అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ తీర్మానం చట్టం కాదు. పార్కింగ్ స్టిక్కర్ల దాకా ఓకే.

లైవ్ లొకేషన్ సంగతి ఇంకా స్పష్టంగా తేలిపోయింది. 2024 జులై 8న ఫ్రాంక్ వైటస్ కేసు తీర్పు వచ్చింది. డ్రగ్స్ కేసులో నిందితుడైన ఒక నైజీరియా దేశస్తుడికి బెయిల్ ఇస్తూ, గూగుల్ మ్యాప్స్‌లో పిన్ వేసి దర్యాప్తు అధికారికి తన లొకేషన్ తెలిసేలా ఉంచాలని షరతు పెట్టారు. సుప్రీంకోర్టు ఆ షరతు కొట్టేసింది. బెయిల్ మీద బయటికొచ్చిన మనిషి అడుగడుగునూ పోలీసులు చూస్తూ ఉండేలా షరతు పెడితే అది అతని ప్రైవసీని హరించడమేనంది. ఇందులో నాకు నవ్వొచ్చిన సంగతి ఒకటుంది. కోర్టు గూగుల్‌ను వివరణ అడిగితే తేలిందేమిటంటే, ఆ పిన్ వేసినంత మాత్రాన మనిషి ఎటు పోతున్నాడో తెలియనే తెలియదట. పిన్ వేసిన చోటే ఉంటుంది, మనిషి పోతుంటాడు. మీ వాట్సాప్ లైవ్ లొకేషన్ కూడా ఎక్కువలో ఎక్కువ ఎనిమిది గంటలే. ఆ తర్వాత మళ్ళీ నొక్కాలి. ఫోన్ టేబుల్ మీద పెట్టి చెప్పులేసుకుని వెళ్ళిపోతే నలభై కుటుంబాలు ఆ టేబుల్‌నే చూస్తూ కూర్చుంటాయి. ఒకవేళ మీ గ్రూపులో కుర్రాళ్ళెవరైనా “అతనికి తెలియకుండా ఫోన్లో యాప్ వేసేద్దాం” అంటే మాత్రం మీవారిని అందులోంచి వెంటనే బయటికి లాగండి. అది ఐటీ చట్టం కింద నేరం, ఆ కేసులో ముద్దాయి స్థానంలో మీవారుంటారు.

ఇంత చెప్పాక నేను పట్టీకి పూర్తిగా వ్యతిరేకమనుకుంటారేమో. కాదు. ఎందుకు కాదో చెప్తాను.

చాలా ఏళ్ళ కిందట నాంపల్లి కోర్టులో ఒక అమ్మాయి తరఫున నిలబడ్డాను. ఇంటర్ చదివే పిల్ల. నిందితుడు బెయిల్ మీద ఉన్నాడు. షరతులు రెండు. ప్రతి సోమవారం స్టేషన్‌కి వచ్చి సంతకం పెట్టాలి, ఆ అమ్మాయి ఉండే చోటికి వెళ్ళకూడదు. సోమవారం సంతకాలు ఒక్కటీ తప్పలేదు. రిజిస్టర్ తిరగేస్తే ముచ్చటగా ఉండేది, ఒకే పెన్నుతో పెట్టినట్టు. రెండో షరతు ఎవరు చూస్తారు? వాయిదా రోజు కారిడార్‌లో, ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ ఆ పిల్ల నాతో అంది: “ఏం చెయ్యడు మేడమ్. బస్టాప్‌లో ఆ చివర నిలబడతాడంతే. నేను బస్సెక్కాక పోతాడు.” స్టేషన్లో చెబితే “బస్టాప్ అందరిదీ కదమ్మా” అన్నారు. చివరికి ఆ అమ్మాయే రెండు స్టాపుల అవతలికి నడిచి వెళ్ళి బస్సెక్కడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఏడాదికి చదువు మానేసింది. అప్పుడు వాడి కాలికి పట్టీ ఉండి, ఆ బస్టాప్ చుట్టూ ఒక గీత ఉండి ఉంటే? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలదు. ప్రైవసీ గురించి ఎవరైనా సెమినార్లో అందంగా మాట్లాడుతున్నప్పుడు నాకు ఆ చున్నీ కొసే కనిపిస్తుంది.

దక్షిణ కొరియాలో లైంగిక నేరస్తుల కాళ్ళకు 2008 నుంచి ఈ పట్టీలు వేస్తున్నారు. అక్కడ అన్సాన్ అనే నగరంలో ఒకడు ఎనిమిదేళ్ళ పాపను ఘోరంగా హింసించి పన్నెండేళ్ళు జైల్లో ఉన్నాడు. 2020 డిసెంబరు 12న విడుదలయ్యాడు. ఏడేళ్ళు పట్టీ, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఇల్లు కదలకూడదు. 2023 డిసెంబరులో ఒక రాత్రి తొమ్మిది దాటాక ఐదు నిమిషాలకు, భార్యతో పోట్లాడానంటూ బయటికొచ్చి నలభై నిమిషాలు వీధిలో నిలబడ్డాడు. ఆ నలభై నిమిషాలకు మూడు నెలల జైలు పడింది. చట్టం, కాపలా, కోర్టు మూడూ ఉంటే పట్టీ ఏం చెయ్యగలదో అది చూపిస్తుంది. అదే అన్సాన్‌లో ఇంకో సంగతి జరిగింది. అతను అదే ఊరికి తిరిగొస్తున్నాడని తెలిసి ఆ పాప కుటుంబం ఇల్లు ఖాళీ చేసి వేరే చోటికి వెళ్ళిపోయింది. పట్టీ అతనికి వేశారు, ఊరు వదిలింది వాళ్ళు. మళ్ళీ సియోల్‌లో 2021 ఆగస్టులో, పట్టీ ఉన్న ఒక పాత నేరస్తుడు తన ఇంట్లోనే ఒకామెను చంపాడు. ఆ తర్వాతే పట్టీ కోసేసి పారిపోయి ఇంకొకామెను చంపాడు. మొదటి హత్య జరుగుతున్నప్పుడు కంట్రోల్ రూమ్‌కి తెలిసింది ఒక్కటే, మనిషి ఇంట్లో ఉన్నాడు. కాలు ఎక్కడుందో చెప్పే వస్తువు చెయ్యి ఏం చేస్తోందో చెప్పదు.

అమెరికా సంగతి మీవారు నిజమే చెప్పారు. 1996 నుంచి అక్కడ పేరు, అడ్రసు జనానికి తెలియజేయడం చట్టం. కానీ కథ అంతటితో అయిపోలేదు. మయామీలో ఇలాంటి నేరస్తులు బళ్ళకూ పార్కులకూ ఇంత దూరంలో ఉండాలని రూలు పెడితే, ఊళ్ళో అద్దెకు ఇల్లు దొరికే చోటే లేకుండా పోయి, పదుల కొద్దీ మంది ఒక వంతెన కింద గుడారాలు వేసుకుని 2010 దాకా బతికారు. కాలి పట్టీలకు ఛార్జింగ్ కోసం వంతెన కింద జనరేటర్ పెట్టుకున్నారు. ఇల్లూ పనీ లేని మనిషి, పోయేదేమీ లేని మనిషి. అలాంటివాడి వల్ల పిల్లలకు ప్రమాదం తగ్గుతుందంటే నేను నమ్మను. నార్త్ కరోలినాలో ఒకతనికి జీవితాంతం పట్టీ అన్నారు. మనిషి ఒంటికి యంత్రం కట్టి కదలికలు చూడటం సోదా చెయ్యడం లాంటిదే, దానికి తగిన కారణం చూపాలి అని 2015లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. రాష్ట్ర కోర్టు మళ్ళీ విచారించి 2019లో అతనికి తీసేయమంది. రోజుకు రెండు గంటలు గోడ ప్లగ్గుకు అతుక్కుపోయి కూర్చోవాల్సి రావడం కూడా ఆ తీర్పులో ప్రస్తావనకొచ్చింది.

నన్నడిగితే మనకూ ఇలాంటి చట్టం ఒకటి రావాలి. బెయిల్, పెరోల్ సమయంలో బాధితురాలి ఇల్లు, బడి, బస్టాప్ చుట్టూ గీత గీసి పట్టీ వేస్తే నేను చప్పట్లు కొడతాను. శిక్ష అయిపోయాక కూడా వెయ్యాలంటే మళ్ళీ కోర్టులో విచారణ జరగాలి, ఇతని నుంచి ఇప్పటికీ ప్రమాదం ఉందని రుజువు చూపాలి, ఇన్నేళ్ళని గడువు పెట్టాలి, మధ్యలో తిరిగి పరిశీలించాలి. ఆ లొకేషన్ చూసేది జవాబుదారీ ఉన్న అధికారి అయ్యుండాలి. నలభై ఫ్లాట్లవాళ్ళకు ఎట్టి పరిస్థితిలోనూ కాదు. గుడ్ మార్నింగ్ గులాబీలు, గ్యాస్ బండ ఫోన్ నంబర్ల మధ్య ఒక మనిషి చుక్క కదులుతూ ఉండటం కాపలా అనిపించుకోదు.

గ్రూపుల మీద నాకెందుకింత భయమంటే మన ఊరి అనుభవమే. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు చుట్టేసినప్పుడు, చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపేశారు. ఆమె ఏ పిల్లనూ ఎత్తుకుపోలేదు. కొట్టినవాళ్ళలో చాలామంది పిల్లల తండ్రులే అయ్యుంటారు. మీ గేటు మీద ఫొటో పడ్డాక, ఏదో ఒక సాయంత్రం ఎవరి పాపో పది నిమిషాలు కనిపించకపోతే ఏమవుతుందో ఊహించుకోండి. పైగా ఆ ఫొటోలోని మనిషిని పోలినవాడు, అదే రంగు చొక్కా వేసుకున్న కొరియర్ అబ్బాయి కూడా ఉంటాడు.

తెలుసుకోవాల్సినవాళ్ళకు అతని సంగతి తెలియదని కూడా అనుకోకండి. లైంగిక నేరాల్లో శిక్షపడ్డవాళ్ళ పేర్లు, ఫొటోలు, చిరునామాలు, వేలిముద్రలతో 2018 సెప్టెంబరు 20న జాతీయ డేటాబేస్ ప్రారంభించారు. జాతీయ నేర గణాంకాల సంస్థ దాన్ని నడుపుతుంది. చూసే అధికారం పోలీసులకే. అదే ఏడాది జనవరిలో తెలంగాణ పోలీసులు సకల నేరస్తుల సమగ్ర సర్వే అని పెట్టి, పాత నేరస్తుల ఇళ్ళకు వెళ్ళి వివరాలు రాసుకుని, ఆ ఇళ్ళను మ్యాప్‌లో గుర్తు పెట్టుకున్నారు. దానికీ చట్టం ఏదని అప్పట్లో కొందరం అడిగాం, అది వేరే కథ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ అపార్ట్‌మెంట్ అంతా ఒక్క ఫ్లాటు వైపే చూస్తోంది. మిగతా ముప్ఫై తొమ్మిది ఫ్లాట్ల వైపు ఎవరు చూస్తున్నారు? నేర గణాంకాల సంస్థ ఏటా వేసే లెక్కల్లో, అత్యాచారం కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్ళే. బంధువు, పొరుగువాడు, ఇంటికొచ్చిపోయేవాడు. 2022 అక్టోబరులో బంజారాహిల్స్‌లో ఒక స్కూల్లో నాలుగేళ్ళ పాప మీద అఘాయిత్యం చేసినవాడు ఆ స్కూలు ప్రిన్సిపాల్ కారు డ్రైవరే. రోజూ అక్కడే తిరిగేవాడు. 2023 ఏప్రిల్‌లో ఇరవై ఏళ్ళ శిక్ష పడింది. అతని ఫొటో ఏ గేటు మీదా ఉండే అవకాశమే లేదు. మీ పైఅంతస్తు మనిషి కూడా పదేళ్ళ కిందట అలాంటి తెలిసినవాడే కదా.

అందుకని ఆ కాగితం పక్కన పెట్టి, మీరే ఇంకో కాగితం రాసి సంతకాలు అడగండి. 2020 పోక్సో నియమాల ప్రకారం పిల్లలతో మెలిగే సంస్థలు తమ సిబ్బందికి పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి. మీ స్కూల్ వ్యాన్ డ్రైవర్‌కి అయ్యిందా? సెల్లార్‌లో కరాటే నేర్పే సార్‌కి? కొత్త వాచ్‌మన్‌కి? అడిగితే సెక్రటరీ గారు తల గోక్కుంటారని నా పందెం. టెర్రస్ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందా? తాళం పెట్టించి, పిల్లలు ఆడుకునే వేళ పెద్దవాళ్ళు ఒకరు ఉండేలా వంతులు వేసుకోండి. లిఫ్ట్‌లో, మెట్ల మీద కెమెరాలు పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి, చాలా అపార్ట్‌మెంట్లలో డబ్బాలు మాత్రమే ఉంటాయి. మీ స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కి ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు వెళ్ళి, కేకలు పెట్టకుండా, ఇలా ఒకరు మా దగ్గర ఉంటున్నారు, గస్తీ కానిస్టేబుల్ అప్పుడప్పుడు వచ్చిపోతే బాగుంటుందని చెప్పండి. అంతవరకు మీకు హక్కుంది. ఖాళీ చేయించే హక్కు మాత్రం లేదు. సొంత ఫ్లాట్లో ఉన్న పెద్దావిడను కొడుకు పేరు చెప్పి నీళ్ళాపో, లిఫ్టాపో వెళ్ళగొట్టాలని చూస్తే అసోసియేషనే కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది.

మీ పాపతో మాట్లాడండి. పైఅంతస్తు అంకుల్ పేరు ఎత్తి భయపెట్టకండి. ఎవరైనా సరే, బాబాయైనా, సారైనా, తాతయ్యైనా, ఒంటి మీద చెయ్యి వేసి “అమ్మకు చెప్పకు” అంటే ఆ మాట ముందు అమ్మకే చెప్పాలని చెప్పండి. ఒక్కసారి కూర్చోబెట్టి ఉపన్యాసమిస్తే వాళ్ళకు ఎక్కదు. జడ వేస్తున్నప్పుడు, అన్నం కలుపుతున్నప్పుడు నాలుగైదు సార్లు మాటల్లో పెట్టండి. ఎప్పుడైనా ఏదైనా తేడాగా అనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, అత్యవసరానికి 112 ఉంది, పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. కేసు దాకా వెళ్తే భరోసా సెంటర్‌లో పిల్లను స్టేషన్ల చుట్టూ తిప్పకుండా ఒక్కచోటే వాంగ్మూలం, వైద్యం, కౌన్సెలింగ్ చూస్తారు. ఇలాంటి నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం పోక్సో కింద తప్పు. చుట్టరికాలు, పరువులు అక్కడ పనికిరావు.

ఇక ఆ పెద్దావిడ. ఒకరోజు మీరొక్కరే వెళ్ళి సూటిగా మాట్లాడండి. “పెద్దమ్మా, మీ మీద నాకేం లేదు. కానీ మా పాప మీ ఇంటికి రాదు, మీరే మా ఇంటికి రండి” అని. ఆవిడకు బాధ కలుగుతుంది. కలగనివ్వండి, ఆ మాత్రం గీత గీసే హక్కు మీకుంది, దానికి ఏ చట్టమూ అక్కర్లేదు. మీరడగకముందే ఆవిడ ఆ మాట అనుకుని ఉంటుందనీ నాకనిపిస్తోంది. కొడుకు ఐదున్నరకు పాలకు దిగడం ఎవరు చెప్తే అలవాటైందనుకున్నారు?

సీసా ఇవ్వండి. ఖాళీది ఇవ్వకూడదంటారు కదా మన ఇళ్ళల్లో, నాలుగు జంతికలో, గుప్పెడు బెల్లం ముక్కలో వేసి ఇవ్వండి. పాప చేతికిచ్చి పంపకండి. మీరే వెళ్ళండి.